అవ్వ అరిచిన ఆట

కారమడై రంగనాథస్వామి తేరుకని పుట్టింటికి వెళ్ళి, మా శీనన్న ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాను. అన్న మనవడు కవిన్ వచ్చి పక్కన చేరి తన ఫోను నా చేతిలో పెట్టాడు. గ్రీసు దేశంలో ఏదో ఓడరేవు ఊరి క్లబ్బట. మగవాళ్ళ వాలీబాల్‌లో ఆ దేశంలో దానికి ఎదురు లేదట. ఆట కన్నా నాకు చుట్టూ ఉన్న జనమే ఎక్కువ కనిపించారు. అందరివీ ఒకే రంగు చొక్కాలు, చేతుల్లో డప్పులు, నెత్తి మీదికెత్తి కొట్టే చప్పట్లు. పాయింటు పోయినా పాట ఆపరు. కవిన్ కోయంబత్తూరులో కాలేజీ జట్టుకి ఆడతాడు. ఆ గ్రీకు ఆటగాళ్ళ పేర్లన్నీ వాడికి కంఠతా వచ్చు, మా నాయిన పేరడిగితే మాత్రం బుర్ర గోక్కుంటాడు. "అభిమానులంటే ఇట్లా ఉండాలి పాట్టి, మన ఊళ్ళో ఎవరున్నారు?" అన్నాడు తమిళంలో, అవ్వను వాళ్ళు పాట్టి అంటారు. "మీ తాతకొక అవ్వ ఉండేదిరా, ఆమెను చూసుంటే ఈ మాట అనవు" అన్నాను నేను తెలుగులో. వాడికి సగం అర్థమై సగం కాక నవ్వి ఊరుకున్నాడు. ఎదురు కుర్చీలో ఉన్న శీనన్న పేపరు తిప్పాడు గానీ తల ఎత్తలేదు. అవ్వ మాట వస్తే అన్న ఎప్పుడూ అంతే.

ఆ రోజుల్లో మా ఇంట్లో పొద్దు పొడిచేది కరివేపాకు వాసనతో. తోటలో కోసిన రెమ్మల్ని ఆడవాళ్ళం వాకిట్లో కుప్ప పోసుకుని, తడిపిన అరటినారతో కట్టలు కట్టి, తడి గోనెలో చుట్టి పెట్టేవాళ్ళం. నాయిన వాటిని మేట్టుపాళయం మండీకి వేసి వచ్చేవాడు. వేళ్ళకి అంటిన ఆ ఆకుపచ్చ నలుపు సీకాయ పెట్టి తోమినా పోయేది కాదు. బళ్ళో నా పలక ముట్టుకున్న పిల్లలు వేళ్ళు వాసన చూసుకుని "కరువేప్పిలై" అని నన్ను ఏడిపించేవాళ్ళు. కట్టలు కట్టే పనికి పెద్ద మా నాయినమ్మ, మేము అవ్వ అనేవాళ్ళం, పేరు రంగమ్మ. దవడలో వక్కాకు పెట్టుకుని కూర్చుందంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు, నోరు మాత్రం ఒక్క నిమిషం కూర్చునేది కాదు. తోట ఆ చివర ఉన్న మనిషిని ఈ చివర నుంచి పిలిచి పిలిచి ఆమె గొంతు అట్లా తయారైంది. పక్కనున్న మనిషితో రహస్యం చెప్పినా రెండిళ్ళ అవతల జవాబు వచ్చేది. గోడలకి చెవులుంటాయంటారు, మా అవ్వ గోడల్ని ఎన్నడూ లెక్క చేయలేదు.

గుమ్మం లోపల తెలుగు, గుమ్మం దాటితే తమిళం. ఎవరూ నేర్పకుండానే మాకు తెలిసిన పద్ధతి అది. అంగట్లో, బస్సులో, బళ్ళో పొరపాటున ఇంటి మాట దొర్లితే పెద్దవాళ్ళు కళ్ళతోనే గద్దించేవాళ్ళు. ఎన్ని తరాల కింద వచ్చామో మాకే తెలియదు, అయినా పరాయివాళ్ళమన్న మాట పడకూడదని ఒక జంకు ఉండేది. ఒక్క వాలీబాల్ మైదానంలో మాత్రం మా తెలుగు గుమ్మం దాటి బయటికి వచ్చి విర్రవీగి తిరిగేది. తోటవీధి జట్టంటే అందరూ మా వీధి వాళ్ళే, అందరూ తెలుగువాళ్ళే. సిరుముగై, అన్నూరు, మేట్టుపాళయం, ఎక్కడ పందెం జరిగినా మనవాళ్ళు నట్టనడి మైదానంలో తెలుగులో కేకలు వేసుకుంటూ ఆడేవాళ్ళు. కొసకు వెయ్యి, వెనక్కి లాగు, ఉత్తదే ఎగురు. ఎదుటి జట్టుకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇంట్లో దాచుకున్న భాష ఆటలో మాకు ఆయుధమైంది, దాన్ని చూసుకుని మాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆట చూడటానికి వీధి మొత్తం కదిలేది. ఆడవాళ్ళు మజ్జిగ కుండ, ఉడకబెట్టిన ఉలవల గిన్నె బండిలో పెట్టుకుని వచ్చేవాళ్ళు. మగవాళ్ళు ఖాళీ తగరం డబ్బాలు తెచ్చి కర్రలతో బాదేవాళ్ళు. వాళ్ళందరికీ అవ్వ నాయకురాలు. రిఫరీ స్టూలు పక్కన గోనె పరుచుకుని కూర్చుని, ఎదుటి జట్టులో ఎవడికి ఎక్కడ లోపముందో కనిపెట్టి పైకే చెప్పేది. "ఆ పొడుగోనికి వంగను చాతకాదు, వాని కాళ్ళకాడ వెయ్యండ్రా." "ఆ ఎర్ర చొక్కాయోడు బెదురుతా వుండాడు, వానికే కొట్టండి." మన వాళ్ళు అక్కడే కొట్టేవాళ్ళు, డబ్బాలు మోగేవి. ఓడిపోయిన జట్టు వాళ్ళు పోతూ పోతూ ఆమె కాళ్ళకి దండం పెట్టి పోయేవాళ్ళు, తమని ఓడించింది ఆ ముసలామె అని తెలియక.

శీనన్న ఆ జట్టుకి కెప్టెను. బంతి మీద చెయ్యి పడిందంటే అవతల ఆపేవాడు లేడు. నాయినకి మాత్రం ఆ ఆట అంటే ఒళ్ళు మంట. చదువు పదో తరగతితో ఆగింది, తోట పని సగం మనసుతో చేస్తాడు, సాయంత్రమైతే వల కడతాడు, ఇక వీడు ఎప్పుడు బాగుపడతాడని ఆయన బాధ. ఆ కాలంలో కోయంబత్తూరు మిల్లులకి సొంత జట్లు ఉండేవి. బాగా ఆడేవాణ్ణి పిలిచి పని ఇచ్చేవాళ్ళు. సింగానల్లూరు వైపు ఒక మిల్లు నుంచి ఆటల ఆఫీసరు మేట్టుపాళయం ఫైనలు చూడటానికి వస్తున్నాడని, ఆయన కన్ను శీనన్న మీదే ఉందని కబురు వచ్చింది. నాయిన అన్నం కలుపుతూ ఒకటే మాట అన్నాడు. "మిల్లాయన తీసుకుంటే పో. లేదంటే ఆ బంతిని బాయిలో వేసి నాతో మండీకి రా. మళ్ళా ఆట అనే మాట ఈ ఇంట్లో వినపడకూడదు." అన్న సరే అన్నాడు. నాయిన ఆడిన మాట తప్పే మనిషి కాదు.

ఫైనలుకి ముందు రోజు లారీ మీదికి ఆకు మూట ఎత్తుతుంటే అన్న కుడి భుజం కలుక్కుమంది. చెయ్యి చెవి దాటి పైకి లేవలేదు. ఆ సంగతి నాకూ అవ్వకూ తప్ప ఎవరికీ చెప్పనివ్వలేదు. అవ్వ వావిలాకు వేసి మరిగించిన నీళ్ళతో కాపడం పెట్టింది, ఆముదం రాసి నిమిరింది. "పోవద్దు నాయినా, చెయ్యి పోతాది" అని బతిమాలింది. "రేపు పోకుంటే ఇంక ఎప్పుడూ పోయేది లేదవ్వా. గోపికి కూడా చెప్పద్దు, వాడు బెదిరిపోతాడు" అన్నాడు అన్న. గోపి మా పెదనాయిన కొడుకు, జట్టులో బంతి ఎత్తి ఇచ్చేవాడు. అవ్వ ఆ పూట వక్కాకు ముట్టలేదు.

ఎదుటి జట్టు మదురై వైపు నుంచి వచ్చింది. పొడుగ్గా, నల్లగా, చూడటానికే గట్టి పిండాల్లాగా ఉన్నారు. పందెం జరిగిన రోజులన్నీ అందరితో తమిళంలోనే మాట్లాడారు, మదురై యాసలో. మైదానంలో కూడా పెద్దగా కేకలు లేవు. మిల్లాయన తెల్ల చొక్కా వేసుకుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. కెప్టెన్లు ఇద్దరూ వల దగ్గర చేతులు కలిపారు, టాస్ వేశారు. వాళ్ళ మొదటి సర్వు శీనన్న మీదికే వచ్చింది. రెండు చేతులూ జోడించి కింద నుంచి బాగానే లేపాడు. గోపి అలవాటుగా బంతిని అన్నకే ఎత్తాడు. అన్న ఎగిరాడు. చెయ్యి మాత్రం ఎగరలేదు. బంతి వలలో పడింది. నేను మిల్లాయన ముఖం చూశాను. ఆయన గొడుగు ఒక మోకాలి మీద నుంచి ఇంకో మోకాలి మీదికి మార్చుకున్నాడు. 

గోపి మళ్ళీ అన్నకే ఎత్తాడు, మళ్ళీ అదే జరిగింది. మన డబ్బాలు ఇంకా గట్టిగా మోగాయి, అభిమానం అంతే కదా, తప్పు జరిగిన కొద్దీ మోత పెరుగుతుంది. ఆ మోతలో అవ్వ లేచి నిలబడింది. నేను కొంగు పట్టుకుని లాగాను, వినలేదు. "ఒరే గోపీ, శీనికి ఎత్తద్దురా. వాని కుడి భుజం లేచేట్ల లేదు. ఆ పక్క ఎత్తు." మైదానమంతా వినపడేట్టు అరిచింది. నేను బిత్తరపోయి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయాను. "ఊరుకో అమ్మిణీ. మిల్లాయనకు మన మాట తెలుసునా ఏమి" అంది. ఆమె లెక్క ఆమెకుంది. అన్న ఒక్కసారి వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నేను మరిచిపోలేదు.

ఆ తర్వాత బంతులన్నీ అన్న మీదికే వచ్చాయి. సర్వు ఆయన కుడి పక్క, దెబ్బ ఆయన కుడి పక్క. ఆయన వల దగ్గరికి వస్తే అడ్డుకోవటానికి ఒక్కడు కూడా ఎగిరేవాడు కాదు, కొట్టుకో చూద్దాం అన్నట్టు వెనక నిలబడేవాళ్ళు. మొదటి సెట్టు పోయింది. గోపి తెలివైనవాడు, సంగతి గ్రహించి రెండో సెట్టులో బంతులన్నీ మిగతావాళ్ళకి పంచాడు. కిందా మీదా పడి ఆ సెట్టు తెచ్చుకున్నాం. ఇక మిగిలింది చివరిది. మధ్యలో విరామం ఇచ్చారు. వాళ్ళ జట్టులో పొట్టి కుర్రాడొకడు మా పక్కనున్న నీళ్ళ కుండ దగ్గరికి వచ్చి, వెనక ఉన్న తన వాడితో అన్నాడు. "చాలురా, ఎక్కువ తాగద్దు, పొట్ట బరువైతాది."

అవ్వ వక్కాకు మడుస్తోంది. చెయ్యి ఆగిపోయింది. "అమ్మిణీ, ఆ పిల్లోడు ఏమన్నాడు?" అని అడిగింది నన్ను. నేను చెప్పేలోగానే ఆమే మైదానం చుట్టూ కట్టిన తాడు దగ్గరికి జరిగి, "అబ్బయా, మీదే ఊరు?" అని అడిగింది. గొంతు ఎంత చిన్నగా ఉందంటే అది అవ్వ గొంతని నేను గుర్తుపట్టలేకపోయాను. ఆ కుర్రాడు గలాసు దించి నవ్వాడు. "మదురై పక్కన పల్లె అవ్వా. మేమూ మనవాళ్ళే" అన్నాడు, చక్కని తెలుగులో. వాళ్ళూ మాలాగే గుమ్మం లోపల ఒక భాష, బయట ఒక భాష పెట్టుకున్నవాళ్ళు. మా తెలుగు ఒక్క మాదే అనుకున్నాం మేము. అంత దూరంలో ఇంకో వీధి నిండా అదే గుట్టు దాచుకుని మనుషులున్నారన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

అవ్వ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఒకరి నుంచి ఒకరికి సంగతి పాకింది, డబ్బాలు ఆగిపోయాయి. మైదానంలో మన వాళ్ళకీ నోళ్ళు పడిపోయాయి. తెలుగులో అరిస్తే వాళ్ళకి తెలుస్తుంది. ఉత్త హుషారుకైనా తమిళంలో అరుద్దామంటే మా ఆడవాళ్ళకి ఆట మాటలు ఆ భాషలో రావు. మా పిన్ని ఒకసారి కొట్టు అనటానికి "అడి, అడి" అని ప్రయత్నించి, తన గొంతు తనకే కొత్తగా వినిపించి మానుకుంది. అంత నిశ్శబ్దంగా జరిగిన ఆట నేను మళ్ళీ చూడలేదు. బంతి తగిలిన చప్పుడు, కాళ్ళ కింద మట్టి చప్పుడు, రిఫరీ ఈల. పాయింట్లు సమానంగా పాకుతూ వచ్చాయి. నేను గోళ్ళు కొరుక్కుంటే కరివేపాకు చేదు నోట్లోకి వచ్చింది. చివరికి ఒక బంతి గోపి చేతికి నెమ్మదిగా వచ్చింది. అన్న ఎడమ చెయ్యెత్తి తనకివ్వమన్నాడు. ఇవ్వకపోతే మిల్లాయన ఇంక ఆయన్ని చూసేది ఉండదు. గోపి ఇచ్చాడు. అన్న ఆ చెడిన చెయ్యితోనే ఎగిరి కొట్టాడు. కొడుతూ ఆయన నోటి నుంచి వచ్చిన మూలుగు మా దాకా వినిపించింది. బంతి వల అంచున తగిలి, ఒక్క క్షణం అక్కడే ఉండి, మా వైపే పడింది, ఆట పోయింది.

మిల్లాయన లేచి గొడుగు చంకలో పెట్టుకుని వాళ్ళ కెప్టెను దగ్గరికి నడిచాడు. అన్న అది చూస్తూ నిలబడ్డాడు. అవ్వ ఆముదం సీసా పట్టుకుని అన్న దగ్గరికి పోయింది. "రా నాయినా, రాస్తాను" అంది. అన్న ఆమె ముఖం చూడకుండా, "వేండాం, పాట్టి" అన్నాడు. కోపంగా అనలేదు. బస్సులో పక్క సీటు ముసలామెకి చెప్పినట్టు, మర్యాదగా, తమిళంలో వద్దన్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అవ్వా అని తప్ప పిలవని మనిషి.

మర్నాడు అన్న బంతిని బావిలో వేసి నాయినతో మండీకి పోయాడు. ఆ రోజు నుంచి అవ్వతో తెలుగు మాట్లాడలేదు. ఆమె తెలుగులో అడిగేది, ఆయన తమిళంలో జవాబిచ్చేవాడు. అన్నం పెట్టనా అంటే చాలు అనకుండా పోదుం అనేవాడు. తర్వాత మాతో కూడా అంతే అయింది. అవ్వ మళ్ళీ ఏ ఆటకీ రాలేదు. ఇంట్లో కూడా గొంతు తగ్గించేసింది. తోట చివర ఉన్న మనిషితో పనిపడితే లేచి నడిచి వెళ్ళి చెప్పి వచ్చేది, మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని. నేను కోప్పడితే, "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా అమ్మిణీ. నా నోరు నా బిడ్డ పొట్ట కొట్టింది" అనేది. పోయే ముందు మంచంలో కూడా, శీని పిలిచినాడా అని నన్ను అడిగింది. పిలిచినాడవ్వా అన్నాను. పక్క గదిలోనే ఉన్న అన్న తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, "పాట్టి" అన్నాడు. నాకు అన్న మీద కోపం ఉంది, దాచుకోవటం దేనికి. చెయ్యి పోయిన బాధ, మిల్లు చోటు పోయిన బాధ నాకు అర్థమవుతాయి. అంత పెద్ద శిక్ష అంత ప్రేమించిన మనిషికి వేయటం నాకు ఎన్నటికీ అర్థం కాదు.

పెళ్ళయి పోదనూరు రైల్వే కాలనీకి వచ్చాక, పక్కింటి గూడూరు ఆవిడ దగ్గర నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఇట్లా రాస్తున్నది ఆ చలవే. మా అన్న ఇంట్లో మాత్రం చదివేవాళ్ళు లేరు, మాట్లాడేవాళ్ళూ లేరు. వదిన తమిళ ఇంటి పిల్ల. పిల్లలు తమిళం, మనవలు తమిళం, ఇంగ్లీషు. బడిని, సినిమాలని, కాలాన్ని తిడతారు మా వాళ్ళు, తెలుగు పోయిందని. మా ఇంట్లో తెలుగు ఎట్లా పోయిందో నాకు తెలుసు. తోటవీధి మైదానం కల్యాణ మండపానికి వచ్చే కార్లు నిలిపే చోటైంది. కరివేపాకు ఇప్పుడు కూలీలు కట్టలు కట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో పంపుతారు, వాకిట్లో వాసన లేదు.

కవిన్ ఫోను చూపించిన మర్నాడు, తేరు చూసి వచ్చిన మనిషొకాయన దారి అడుక్కుంటూ ఇంటికి వచ్చాడు. తెల్ల పంచె, పొడుగు మనిషి, వంగిపోయాడు. అన్నని చూసి, "నన్ను గుర్తుపట్టినారా కెప్టెనూ? నేను సౌందరరాజు, మదురై జట్టు కెప్టెన్ను" అన్నాడు తెలుగులో. అన్నకి దక్కవలసిన మిల్లు చోటు దక్కినవాడు. ఆ మిల్లు మూతపడ్డాక ఊరికి తిరిగి వెళ్ళిపోయి, ఇప్పుడు కొడుకుతో రంగనాథస్వామి దర్శనానికి వచ్చాడట. "మీ చెయ్యి ఏమైందో అడగాలని ఎన్నో తూర్లు అనుకుంటిని" అన్నాడు. అన్న తమిళంలో కూర్చోమన్నాడు, కాఫీ తెమ్మన్నాడు. ఆయన తెలుగులో మాట్లాడటం, అన్న తమిళంలో బదులివ్వటం. నాకు అవ్వ రోజులే గుర్తొచ్చాయి. ఒళ్ళు మండి అడిగేశాను. "మా అవ్వ అరిచింది విని కదా అయ్యా, మీరు మా అన్న మీదికి బంతులు కొట్టింది?"

"ఏ అవ్వ?" అన్నాడాయన.

రిఫరీ పక్కన కూర్చున్న ముసలామె, శీనికి ఎత్తద్దు అని అరిచిన ఆమె అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. "నాకేమీ వినపడలేదమ్మా. మీవాళ్ళ డబ్బాల మోతకు మా మాట మాకే వినపడలేదు. నేను వేలు చూపి సైగ చేస్తా వుంటిని. ఈయన టాస్‌కు ముందు చెయ్యి కలిపినాడు కదా, మోచెయ్యి ఒంటికి అంటుకునే వుండింది. అప్పుడే తెలిసిపోయింది. మొదటి సర్వే ఈయన మీదికి వెయ్యమని మావాళ్ళకు చెప్పింటిని" అన్నాడు. ఆ మాట ఆయనకు మామూలు మాట. కాఫీ తాగి, ఇంకో రెండు పాత సంగతులు చెప్పి, కొడుకు కారు హారను కొడితే లేచి వెళ్ళిపోయాడు.

అన్న వాకిలి దాకా వెళ్ళి సాగనంపలేదు. కుర్చీలోనే ఉన్నాడు. కుడి చేతిని ఎడమ చేతిలో పట్టుకుని చూసుకున్నాడు.  కవిన్ మా ఇద్దరి ముఖాలూ చూసి ఫోను పక్కన పెట్టేశాడు. చివరికి అన్న నా వైపు తిరిగాడు.

"అమ్మిణీ" అన్నాడు తెలుగులో. "అవ్వకెవురు చెప్పేది ఇప్పుడు?"